ముక్కు మీద బ్యాడ్జి, అడుగున తుప్పు

సందేహాలు – సమాధానాలు

పోయిన సంచికలో పాత స్పోర్ట్స్ కార్ల గురించి రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చాయి. అమెరికా, ఇంగ్లండుల నుంచి వచ్చినవే ఎక్కువ. ఆ బళ్ళు దొరికేదీ అక్కడే కదా. ఫెరారీల ధరలు అడిగినవారు క్షమించాలి. నెల జీతం మీద బతికేవాళ్ళు కొనుక్కుని, నడుపుకుని, బాగుచేయించుకోగల బళ్ళకే ఇక్కడ చోటు. కొందరు పేర్లు వెయ్యొద్దన్నారు, అందుకని ఎవరి పేరూ వెయ్యలేదు.

ప్రశ్న: మాస్టారూ, నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పిల్లలిద్దరూ కాలేజీకి వెళ్ళిపోయారు, గ్యారేజీలో ఒక బండికి చోటు ఖాళీ అయింది. ఇరవై వేల డాలర్ల దాకా పెట్టగలను. చిన్నప్పటి నుంచి పోర్షే అంటే పిచ్చి. 1973 నాటి 914 ఒకటి, 1987 నాటి 944 ఒకటి చూసి వచ్చాను. 914 సంగతి చెప్పగానే ఆఫీసులో ఒకాయన ‘అది పోర్షే కాదండీ, ఫోక్స్‌వాగన్’ అని నవ్వాడు. దాంతో మనసు విరిగిపోయింది. 944ని కూడా పేదవాడి పోర్షే అంటున్నారు. ఏది కొనమంటారు?
– ప్లేనో, టెక్సస్

జవాబు: ముందు మీ ఆఫీసాయన మాట తేల్చాలి. మీకు అడ్డం పడుతున్నది బండి కాదు, ఆ నవ్వు.

ఆయన అన్నది సగం నిజం. 1960ల చివర్లో ఫోక్స్‌వాగన్‌కి ఒక కొత్త స్పోర్ట్స్ కారు కావలసి వచ్చింది, పోర్షేకి 911 కన్నా చవకైన బండి కావలసి వచ్చింది. ఫోక్స్‌వాగన్ అధిపతి హైన్రిక్ నార్డ్‌హాఫ్, ఫెర్రీ పోర్షే నోటి మాట మీదే ఒప్పందం చేసుకున్నారు. బాడీ ఒకటే, ఫోర్ సిలిండర్ ఇంజను పెడితే ఫోక్స్‌వాగన్, సిక్స్ సిలిండర్ పెడితే పోర్షే అని. 1968 ఏప్రిల్లో నార్డ్‌హాఫ్ పోయాడు. ఆయన కుర్చీలోకి వచ్చిన కుర్ట్ లోట్స్, కాగితం మీద లేని ఒప్పందాన్ని ఒప్పుకోలేదు. బాడీల కోసం పోర్షే ఎక్కువ చెల్లించాల్సి వచ్చి, సిక్స్ సిలిండర్ 914 ధర కాస్తా 911 దరిదాపులకు పోయింది. ఆ డబ్బు పెట్టగలిగినవాళ్ళు తిన్నగా 911నే కొన్నారు. 914/6 మూడు వేల చిల్లర దగ్గరే ఆగిపోయింది. మొత్తం లక్షా పద్దెనిమిది వేల పైచిలుకు 914లలో మిగతావన్నీ ఫోక్స్‌వాగన్ ఇంజనువే. యూరప్‌లో బండి వెనక రెండు కంపెనీల పేర్లూ కలిపి ఉండేవి. అమెరికాలో మాత్రం మొదటి నుంచీ పోర్షేగానే అమ్మారు. బండి అదే, సముద్రం దాటేసరికి ఇంటిపేరు మారింది.

ఇక మిగతా సగం. 1948లో ఆస్ట్రియాలోని గ్ముండ్ అనే చిన్న ఊళ్ళో తయారైన మొట్టమొదటి పోర్షే 356లో ఇంజను ఎవరిది, సస్పెన్షన్ ఎవరిది? రెండూ ఫోక్స్‌వాగన్ బీటిల్‌వే. దాన్ని ఈరోజు ఎవరూ ఫోక్స్‌వాగన్ అనరు, కోట్లు పెట్టి కొంటారు. జూబ్లీహిల్స్‌లో తిరిగే పోర్షే కయెన్, ఫోక్స్‌వాగన్ టూరెగ్ ఒకే ప్లాట్‌ఫారం మీద పుట్టినవే. కయెన్ దిగినాయన్ని ఆపి ఎవరైనా ఈ మాట అనగా విన్నారా? చవకగా దొరకడమే 914 చేసిన నేరం. 1970లో లె మాన్ ఇరవై నాలుగు గంటల పందెంలో 914/6 జీటీ తన తరగతిలో గెలిచి, మొత్తం మీద ఆరో స్థానంలో వచ్చిందని మీ ఆఫీసాయనకి ఒకసారి చెప్పి చూడండి. నవ్వు ఆగకపోవచ్చు. ఆగకపోతేనే మీకు మంచిది, ఆ నవ్వు వల్లే ఈ బండి మీ బడ్జెట్టులో ఉంది.

అసలు భయపడాల్సింది తుప్పుకి. 914 బాడీకి జింకు పూత లేదు. ఇంజను సీట్ల వెనకాల, బండి మధ్యలో ఉంటుంది. దాని మూత ఎత్తితే కుడివైపు మూల బ్యాటరీ కనిపిస్తుంది. పైన జాలీ. వాన నీళ్ళు ఆ జాలీలోంచి దిగి, బ్యాటరీ యాసిడ్‌ని కలుపుకుని కిందికి కారుతాయి. కింద ఉన్నది వెనక చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ మౌంటు, దాని పక్కనే బాడీ బరువు మోసే పొడవాటి బాక్సు. పైన పెయింటు అద్దంలా మెరుస్తుంటుంది, ఇక్కడ రేకు అప్పడంలా విరుగుతుంది. కొనేముందు బ్యాటరీ పైకి తీయించి, టార్చి వేసి, స్క్రూడ్రైవరు పిడితో కొట్టి వినండి. గట్టి రేకు మోగుతుంది, పోయిన రేకు మూగగా పలుకుతుంది. తర్వాత టాప్ తీసేసి కుడి వెనక జాకీ ఎత్తించండి. తలుపు చుట్టూ సందు సమానంగా ఉంటే సరే. పైన సందు మూసుకుపోయి తలుపు పట్టేస్తే, అమ్మేవాడికి దండం పెట్టి వచ్చెయ్యండి. ఆ రేకు పని ఖర్చు మీ ఇరవై వేలల్లో ఇమడదు.

ఇంకో రెండు సంగతులు. 1973లో మొదటిసారి ఫోర్ సిలిండర్ 914కి రెండు లీటర్ల ఇంజను వచ్చింది, ఫోర్ సిలిండర్లలో అది మేలు. అమ్మేవాడు టూ లీటర్ అంటే నమ్మకండి, ఇంజను నంబరు ‘జీఏ’తో మొదలవుతోందేమో మీ కళ్ళతో చూడండి. పెట్రోలు పైపులు బండి మధ్య టన్నెల్లోంచి వెళ్తాయి, కంపెనీ వేసినవి ప్లాస్టిక్‌వి. యాభై ఏళ్ళకి అవి పెళుసెక్కిపోతాయి. స్టీలు పైపులు మార్చిన బిల్లు ఉందా అని అడగండి. లేదంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి, ఇల్లు చేరగానే ఆ పనే ముందు చేయించండి.

944 కథ వేరు. దీని బాడీకి జింకు పూత ఉంది, తుప్పు బాధ తక్కువ. దీని అన్న 924ని పోర్షే మొదట ఫోక్స్‌వాగన్ కోసమే రూపొందించింది. వాళ్ళు వద్దనుకుంటే తిరిగి కొనుక్కుని సొంత పేరుతో అమ్మింది. ఆ 924 ఇంజను ఫోక్స్‌వాగన్ వ్యానులో కూడా ఉండేది, అందుకే ఎగతాళి. 944కి ఆ మాట పడకూడదని పోర్షే సొంతంగా రెండున్నర లీటర్ల ఇంజను చేసింది. తన 928లోని వీ8లో సగమనుకోండి. అంత పెద్ద ఫోర్ సిలిండర్ వణక్కుండా ఉండటానికి బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టాల్సి వచ్చింది. వాటి పేటెంటు మిత్సుబిషిది కాబట్టి రాయల్టీ కట్టి మరీ పెట్టారు. మంచి ఇంజనే, కానీ టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. బెల్టు నాలుగేళ్ళలోపు మార్చినట్టు కాగితం లేకపోతే స్టార్ట్ చెయ్యకుండా టోయింగ్‌లో తెచ్చుకోండి. గేరుబాక్సు వెనక చక్రాల దగ్గర ఉంటుంది. కాబట్టి క్లచ్చి ప్లేటు మార్చాలంటే సైలెన్సరు, గేరుబాక్సు, మధ్యనున్న టార్క్ ట్యూబు అన్నీ కదపాలి. ప్లేటు ఖరీదు కొంత, లేబరు కొండంత. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్న సామెత 944 కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

ఇంతకీ ఈ బళ్ళన్నిటినీ 911తో కొలవడం ఎందుకంటారా? అదీ ఒక గీతతో తేలిన వ్యవహారమే. 1981లో 911ని ఆపేసి, 928తో ముందుకు పోవాలని కంపెనీ అనుకుంది. కొత్తగా వచ్చిన అధిపతి పీటర్ షుట్జ్, ఇంజనీరింగు పెద్ద హెల్ముట్ బాట్ గదిలో గోడ మీది చార్టులో 911 గీత అక్కడితో ఆగిపోవడం చూశాడు. మార్కరు తీసుకుని ఆ గీతని చార్టు అంచు దాకా లాగేశాడట. ఆయనకి ఆరోజు మార్కరు దొరక్కపోయి ఉంటే, ఈరోజు మీ ఆఫీసాయన ‘ఇంజను ముందున్నదే అసలు పోర్షే’ అనేవాడు.

నా సలహా: టెక్సస్ ఎండలో, మొదటి పాత బండిగా, బెల్టు, క్లచ్చి కాగితాలున్న 944. ఏసీ కూడా ఉంటుంది. మనసు మాత్రం టాప్ తీసి తిరగడం మీదే ఉంటే, బ్యాటరీ కింద పొడిగా ఉన్న 914. అది దొరికేదాకా ఆగండి, పెయింటు చూసి తొందరపడకండి.

ప్రశ్న: ఇంగ్లండులో ఎంజీబీలు రెండు రకాలు అమ్ముతున్నారు. క్రోమ్ బంపరుది ప్రియం, నల్ల రబ్బరు బంపరుది చవక. రబ్బరుది కొంటే క్లబ్బులో తక్కువగా చూస్తారని అంటున్నారు. నాన్నగారు గుంటూరులో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు, పాత ఇంజన్లంటే నాకు భయం లేదు.
– లెస్టర్, ఇంగ్లండు

జవాబు: భయం లేకపోవడానికి మీకు కారణం కూడా ఉంది. అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి ఉన్న 1489 సీసీ ఇంజను బీఎంసీ వాళ్ళ బీ సిరీస్. ఎంజీబీకి ముందొచ్చిన ఎంజీఏ అదే 1489 సీసీతో మొదలైంది, ఎంజీబీలో దాన్నే 1798 సీసీకి పెంచారు. నాన్నగారు ట్యాపెట్లు సర్దుతుంటే మీరు చూసి ఉంటే, ఎంజీబీ బానెట్ ఎత్తగానే చుట్టాలింటికి వచ్చినట్టుంటుంది.

రబ్బరు బంపరు పుట్టింది అమెరికా చట్టం వల్ల. బంపరు ఇంత ఎత్తులో ఉండాలి, ఇంత దెబ్బకి తట్టుకోవాలి అని వాళ్ళు నిబంధన పెట్టారు. ఎంజీ బళ్ళు ఎక్కువగా అమ్ముడుపోయేది అక్కడే. కొత్త డిజైనుకి బ్రిటిష్ లేలాండ్ దగ్గర డబ్బు లేదు. 1974 చివర్లో ఉన్న బండికే నల్లటి లావు బంపర్లు తగిలించి, బండిని కాస్త పైకెత్తి వదిలారు. పైగా ముందున్న యాంటీ రోల్ బారు తీసేశారు. మలుపుల్లో బండి పడవలా ఒరిగేది. చెడ్డపేరు వచ్చింది ఆ రెండేళ్ళ బళ్ళతో. 1977 నుంచి ముందూ వెనకా బార్లు పెట్టి సరిచేశారు, పేరు మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి 1977 తర్వాతి రబ్బరు బంపరు బండి వెతకండి. క్రోమ్‌కీ దానికీ ధరలో ఉన్న తేడాతో బాడీ పని చేయించుకోవచ్చు. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, తలుపుల కింది సిల్స్‌దే బలమంతా. బయటి రేకు, లోపలి రేకు, కింది రేకు, మూడూ చూడాలి. చాలామంది బయటిది ఒక్కటే మార్చి, లోపలి చెత్తని మూసేసి అమ్ముతారు. పైన పటారం లోన లొటారం. ఒక ధైర్యం ఏమిటంటే, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ ఎంజీబీ బాడీ మొత్తాన్నీ కొత్తగా అచ్చులు కొట్టి అమ్ముతోంది. ఎంత పాడైనా దిక్కులేని బండి కాదు.

ఎంజీబీల తయారీ 1980తో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు అన్నీ నలభై ఏళ్ళు దాటినవే. హిస్టారిక్ తరగతిలో నమోదు చేయించుకుంటే రోడ్డు ట్యాక్సు లేదు, ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. తప్పనిసరి కాకపోయినా ఏడాదికోసారి చేయించండి. బ్రేకు పైపు చట్టం చూసి పగలదు కదా. క్లబ్బు గురించి అడిగారు. ఎవరైనా తక్కువగా చూస్తే నాన్నగారి అంబాసిడర్ ఇంజను సంగతి చెప్పండి. అక్కడి పెద్దవాళ్ళు బ్యాడ్జి మర్చిపోయి మీతో కూర్చుని టీ తాగుతారు.

ప్రశ్న: నాకు ఎంజీ హెక్టర్ ఉంది. ఎంజీబీ, హెక్టర్ ఒకే కంపెనీవా?
– కూకట్‌పల్లి, హైదరాబాదు

జవాబు: బ్యాడ్జి ఒకటే. ఆక్స్‌ఫర్డ్‌లో మోరిస్ గ్యారేజెస్‌ని నడిపిన సెసిల్ కింబర్ 1920ల్లో పెట్టిన ఎనిమిది కోణాల గుర్తు అది. ఎంజీబీలు చేసిన అబింగ్‌డన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. 2005లో ఎంజీ రోవర్ కంపెనీ దివాలా తీసింది. పేరు చైనా కంపెనీల చేతికి వెళ్ళి చివరికి సాయిక్ దగ్గర చేరింది. మీ హెక్టర్ గుజరాత్‌లోని హాలోల్‌లో తయారైంది. ఎంజీబీతో దానికి రక్తసంబంధం లేదు, దత్తత సంబంధం ఉంది. అందులో చిన్నతనమేమీ లేదు, బండి బాగుంటే చాలు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మావారు ఇరవై ఎనిమిది వేల డాలర్లు పెట్టి డాట్సన్ 240జెడ్ కొంటానంటున్నారు. ‘ఇది ఖర్చు కాదు, పెట్టుబడి. బంగారం లాగా పెరుగుతుంది’ అంటారు. మాకు ఇంకా ఇంటి లోను ఉంది. ఈ మాట నిజమేనా? మీ జవాబు ఆయనకే చూపిస్తాను.
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: చూపించండమ్మా. ఆయన చెప్పేదానికి ఒక ఆధారం ఉంది, అది ముందు ఒప్పుకుందాం. 1970లో ఈ బండి అమెరికాకి వచ్చినప్పుడు ధర మూడు వేల ఐదు వందల డాలర్ల పైచిలుకు. అప్పట్లో జపాను బండంటే చిన్నచూపు. జపానులో దీని పేరు ఫెయిర్‌లేడీ. ఆ పేరుతో అమెరికాలో స్పోర్ట్స్ కారు అమ్ముడుపోదని అక్కడి నిస్సాన్ అధికారి యుటాకా కటయామా వచ్చిన బళ్ళ మీద ఆ పేరు తీయించి 240జెడ్ అని పెట్టించాడు. రెండు పాయింట్ నాలుగు లీటర్ల సిక్స్ సిలిండర్ ఇంజను, ఇంగ్లీషు బళ్ళకి లేని నమ్మకం. జనం ఎగబడ్డారు. 2020 జనవరిలో 1971 నాటి 240జెడ్ ఒకటి వేలంలో మూడు లక్షల పది వేల డాలర్లు పలికింది. మీవారు అంటున్న బంగారం అదే.

అయితే ఆ బండి దాదాపు షోరూములో ఉన్నట్టే ఉన్నది. ఇరవై ఎనిమిది వేలకి వచ్చేది అలాంటిది కాదు, నడుస్తూ, కొంత రేకు పని, కొంత రబ్బరు పని మిగిలి ఉన్న బండి. 240జెడ్ తుప్పుకి పేరు పడ్డది. న్యూజెర్సీలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు దానికి విషం. రేకు పని, ఇన్సూరెన్సు, టైర్లు, గ్యారేజీ చోటు అన్నీ లెక్కేస్తే, పదేళ్ళ తర్వాత అమ్మినప్పుడు పెట్టింది పెట్టినట్టు చేతికొస్తే అదృష్టం. బంగారానికి సర్వీసింగు ఉండదు కదమ్మా.

ఇంటి లోను ఉండగా అప్పు చేసి కొంటానంటే వద్దని నా మాటగా చెప్పండి. బోనసు డబ్బో, దాచుకున్నదో అయితే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. పెట్టుబడి అన్న మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోవాలి. ‘నాకిష్టం, నేను నడుపుకుంటాను’ అంటే అది వినదగ్గ మాట. కొంటే ఒక సంగతి మరవకండి. మామూలు పాలసీలో బండి పోతే ‘యాభై ఏళ్ళ కారు కదా’ అని చిల్లర లెక్కగడతారు. పాత బళ్ళకి అగ్రీడ్ వాల్యూ పాలసీలు వేరే ఉంటాయి. ముందే ఇంత విలువ అని రాసుకుంటారు, అంతా ఇస్తారు. బండి తాళం వేసే గ్యారేజీలో ఉండాలి, రోజూ తిరగడానికి ఇంట్లో ఇంకో కారు ఉండాలి అని షరతులు పెడతారు. ఆ షరతులు మీకూ మంచివే.

ప్రశ్న: మా నాన్న ప్రీమియర్ 118 ఎన్ఈ నడిపేవారు. ఇక్కడ ఫియట్ 124 స్పైడర్ చూశాను, పేరు చూసి ముచ్చటేసింది. భార్య ఆల్ఫా రోమియో స్పైడర్ బాగుందంటోంది. రెండిట్లో ఏది పరువు?
– శాక్రమెంటో, కాలిఫోర్నియా

జవాబు: పరువంటే ఆల్ఫా. 1967లో వచ్చిన ‘ది గ్రాడ్యుయేట్’ సినిమాలో డస్టిన్ హాఫ్‌మన్ నడిపిందే ఈ బండి. ఆ ఒక్క సినిమాతో కంపెనీ ఎన్నాళ్ళు బతికిందంటే, 1980ల్లో ఒక మోడలుకి గ్రాడ్యుయేట్ అనే పేరు పెట్టుకుంది. ఫియట్‌కి అలాంటి సినిమా దొరకలేదు.

బండిగా చూస్తే ఫియట్ తీసిపోదు. మీ నాన్నగారి 118 ఎన్ఈ బాడీ ఫియట్ 124 సెడాన్‌ది, ఇంజను మాత్రం నిస్సాన్‌ది. స్పైడర్ ఆ 124కే చెల్లెలు. దాని బాడీ గీసింది పినిన్‌ఫరీనా, ట్విన్ క్యామ్ ఇంజను చేసింది అంతకుముందు ఫెరారీలో ఇంజన్లు గీసిన ఆరేలియో లాంప్రెడి. చుట్టరికాలు ఏమంత తక్కువ? 1980ల మొదట్లో ఫియట్ అమెరికా నుంచి దుకాణం ఎత్తేస్తే, పినిన్‌ఫరీనా వాళ్ళే అదే కారుని ఫియట్ పేరు తీసేసి పినిన్‌ఫరీనా స్పైడర్ అజూరా అని 1985 దాకా అమ్మారు. ఆ పినిన్‌ఫరీనా ఇప్పుడు మన మహీంద్రా చేతిలో ఉంది.

కొనేటప్పుడు ఇవి చూడండి. ఫియట్‌ది టైమింగ్ బెల్టు, మార్చిన తేదీ అడగాలి. ఆల్ఫాది చైను, ఆ బెంగ లేదు. కానీ అమెరికాకి వచ్చిన 1970ల ఆల్ఫాల్లో స్పికా అనే మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉంటుంది, అది తెలిసిన మెకానిక్ మీ ఊళ్ళో ఉన్నాడో లేదో ముందు కనుక్కోండి. అన్నిటికన్నా ముఖ్యం, కాలిఫోర్నియాలో 1975 మోడలు దాకా స్మాగ్ పరీక్ష లేదు, 1976 నుంచి ఉంది. ఒకే రకం బండి, ఏడాది తేడాతో జీవితాంతం తలనొప్పి. 1975 లేదా అంతకు ముందుది తీసుకోండి. రెండూ అలాంటివే దొరికితే మీ ఇంట్లో ఆవిడ మాట వినండి, ఆల్ఫాకి నేనూ అడ్డు చెప్పను.

ప్రశ్న: తాతగారి స్టాండర్డ్ హెరాల్డ్ మా ఇంట్లో షెడ్డులో ఉంది. దాన్ని అమ్మేసి, ఇంగ్లండు నుంచి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తెప్పించుకుందామని ఉంది. కుదురుతుందా?
– రాజమండ్రి

జవాబు: ముందు షెడ్డులోకి వెళ్ళి హెరాల్డ్ బానెట్ ఎత్తండి. ముందు భాగం మొత్తం ఒకే ముక్కగా ముందుకి వాలుతుంది కదా, స్పిట్‌ఫైర్‌ది కూడా అంతే. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్‌ని హెరాల్డ్ ఛాసిస్‌ని పొట్టి చేసి, ఆ సస్పెన్షనే వాడి చేశారు. రెండిటి బాడీలూ గీసింది ఒకే ఇటాలియన్, జొవాన్నీ మికెలోటి. మద్రాసులో 1961 నుంచి తయారైన హెరాల్డ్ ఆ ఇంటి పిల్లే. వెనక చక్రాల స్వింగ్ యాక్సిల్ కూడా అదే. మలుపులో వేగంగా పోతూ యాక్సిలరేటరు మీంచి గభాలున కాలు తీస్తే వెనక చక్రం లోపలికి మడుచుకుంటుంది. అది హెరాల్డ్ నడిపిన తాతగారికి తెలిసే ఉంటుంది, స్పిట్‌ఫైర్ కొనే కుర్రాళ్ళకి తెలియదు.

దిగుమతి సంగతి. ఇదివరకు 1950కి ముందు తయారైనవాటికే వీలుండేది. 2025లో దాన్ని యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి సడలించారు, కాబట్టి తొలినాటి స్పిట్‌ఫైర్లకి దారి తెరుచుకుంది. సుంకాలు, జీఎస్టీ, ఓడ కిరాయి కలిపితే బండి ధరని మించిపోతాయి. తిరిగి అమ్మడం మీద షరతులు కూడా ముందే ఏజెంటు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఇక్కడ ఉన్నదాని సంగతి చూస్తే, 2021లో కేంద్రం వింటేజ్ బళ్ళకి వేరే నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్నవాటికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేల రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్ ఐదు వేలు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తీసుకెళ్ళవచ్చు, రోజూ బజారుకి వేసుకెళ్ళడానికి ఒప్పుకోరు. తాతగారి ఆర్సీ బుక్కు పోకుండా ఉంటే పాత నంబరే ఉంచుకోవచ్చు.

హెరాల్డ్ అమ్మకండి. ఆ డబ్బుతో స్పిట్‌ఫైర్ తలుపు కూడా రాదు. స్పిట్‌ఫైర్ మెకానికల్ పార్టులు ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, వాటిలో చాలా మటుకు హెరాల్డ్‌కి పడతాయి. బండి తెప్పించే బదులు ఒక పెట్టెడు సామాను తెప్పించుకోండి. రెండు సీట్ల బండే కావాలని పట్టుబడితే, గోవాలో తయారైన శాన్ స్టార్మ్ సెకండ్ హ్యాండ్‌లో ఎప్పుడైనా కనిపిస్తుంది. ఫైబర్ బాడీ, రెనో 1149 సీసీ ఇంజను. తుప్పు పట్టదు, పరువూ పెద్దగా లేదు, కానీ టాప్ తీస్తే గోదావరి గట్టు మీద గాలి అదే.

ప్రశ్న: వచ్చే నెల ఎంఎస్ చదవడానికి ఒహాయో వెళ్తున్నాను. అక్కడ పాత స్పోర్ట్స్ కారు కొంటే చవకగా పోతుందని సీనియర్లు అంటున్నారు. నిజమా సార్?
– వరంగల్

జవాబు: ఒక్క బండే ఉంచుకోబోయేవాడివి కాబట్టి 1970ల బళ్ళ జోలికి వెళ్ళకు బాబూ. ఎయిర్ బ్యాగులు ఉండవు, ఏబీఎస్ ఉండదు, మంచులో మధ్యదారిలో ఆగిపోతే రాత్రిపూట తోసేవాళ్ళు ఉండరు. ముందు ఒక పాత కరోలానో, సివిక్కో కొనుక్కుని చదువు పూర్తి చెయ్యి.

ఉద్యోగం వచ్చాక మొదటి తరం మాజ్డా మియాటా చూడు. 1989లో వచ్చింది. పాత ఇంగ్లీషు బళ్ళ ముచ్చట ఉంటుంది, నూనె కారడం ఉండదు. 1.6 ఇంజనులో టైమింగ్ బెల్టు తెగినా వాల్వులు వంగవు. 1991 మధ్య దాకా వచ్చిన వాటిలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొన అరిగే జబ్బుంది, ముందుభాగం పుల్లీ ఊగుతోందేమో చూడాలి. ఆడవాళ్ళ బండి అని వెక్కిరిస్తారు. వాళ్ళనే ఒక ఆదివారం రేసు ట్రాక్‌కి వెళ్ళి, ఏ బళ్ళు ఎక్కువున్నాయో లెక్కపెట్టమను.

ప్రశ్న: నేను కొన్న ట్రయంఫ్ టీఆర్6కి టైర్ల మీద గీతలు కొత్తవాటిలా ఉన్నాయి. ముందు ఓనరు ఏడాదికి నాలుగుసార్లు మించి తియ్యలేదట. ఇంకో ఐదేళ్ళు లాగించవచ్చా?
– షార్లట్, నార్త్ కరోలినా

జవాబు: గీతలు చూడొద్దు, తేదీ చూడండి. టైరు పక్కగోడ మీద డీఓటీ అనే అక్షరాల తర్వాత ఉన్న వరుసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2314 అంటే 2014లో ఇరవై మూడో వారం. చివర మూడు అంకెలే ఉంటే అది 2000కి ముందు చేసినది, ఆ టైర్ల మీద ఇంటి నుంచి షాపు దాకా కూడా నడపకండి, ట్రక్కు మీద వేసుకెళ్ళండి. పదేళ్ళు దాటితే గీతలు ఎంత నిండుగా ఉన్నా మార్చాల్సిందే. తిరగని బండి టైరు అరగదు, లోపల ఎండిపోతుంది. స్టెప్నీని కూడా చూడండి, అది ఎప్పుడో ఫ్యాక్టరీలో వేసినదే అయి ఉంటుంది.